వేసవి రెండు నెలలు కొండమీద: కొడైకెనాలా, కూనూరా?

మార్చి నెల వచ్చేసరికి మా ఓ.పి.లో ఒక ప్రశ్న మొదలవుతుంది. "డాక్టరమ్మా, ఈ ఎండలు మావల్ల కావడం లేదు. పిల్లలేమో ఎక్కడైనా చల్లటి చోట ఇల్లు తీసి పెడతామంటున్నారు. వెళ్ళవచ్చా?" అడిగేవారిలో ఎక్కువమంది రిటైరైన దంపతులే. అరవై అయిదు దాటిన వయస్సు, ఇద్దరిలో ఒకరికి గుండె జబ్బో షుగరో, మరొకరికి మోకాళ్ళ నొప్పులో ఆయాసమో ఉంటాయి. అంతకుముందు ఇది డబ్బున్నవాళ్ళ ముచ్చట అనుకొని నేను నవ్వి ఊరుకునేదాన్ని. 2015 మే నెలలో వడగాలులకు దేశంలో రెండు వేల మందికి పైగా చనిపోయారు. వారిలో అత్యధికులు ఆంధ్ర, తెలంగాణలవారే. ఆ నెల తరువాత ఈ ప్రశ్నకు నవ్వడం మానేశాను.

ఈసారి ఒక జంట అనుభవాన్ని ఆధారం చేసుకొని రాస్తున్నాను. వారి అనుమతి తీసుకున్నాను, పేర్లు మాత్రం వద్దన్నారు. ఆయన హైస్కూలు హెడ్‌మాస్టరుగా రిటైరయ్యారు. గుండెకు ఒక స్టెంటు ఉంది, బి.పి. ఉంది. అమ్మగారికి షుగరు, రెండు మోకాళ్ళూ అరిగాయి. గుంటూరు పక్కన సొంత ఇల్లు, పైన డాబా కావడం వల్ల రాత్రి పదింటికి కూడా గోడలు వేడిగానే ఉంటాయి. మాస్టారికి కొడైకెనాల్ వెళ్ళాలని ఉంది. ఉద్యోగంలో ఉండగా పిల్లల్ని విహారయాత్రకు తీసుకువెళ్ళారట, ఆ సరస్సు కళ్ళలో నిలిచిపోయింది. అమ్మగారి మనస్సు నీలగిరుల్లోని కూనూరు మీద ఉంది. ఎవరి మాట నెగ్గించాలో తేల్చమని నా దగ్గరకు వచ్చారు. నేను తేల్చలేదు. 2023 వేసవిలో అక్కడ మూడు వారాలు, ఇక్కడ మూడు వారాలు ఉండి చూడమన్నాను.

ఆరోగ్యం కోసం కొండ ఎక్కడం మనకు కొత్తేమీ కాదు. కొడైకెనాల్ పుట్టిందే అలా. మదురైలో పనిచేసే అమెరికన్ మిషన్ వారు మైదానాల్లోని కలరాకు, జ్వరాలకు తట్టుకోలేక మొదట సిరుమలై కొండల మీద ఉండి చూశారు. ఆ ఎత్తు చాలలేదు, మలేరియా అక్కడా వదల్లేదు. చివరికి ఇంకా ఎత్తైన పళని కొండల మీద 1845లో మొదటి బంగళాలు కట్టుకున్నారు. మన రాష్ట్రంలో మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో క్షయ ఆస్పత్రి పెట్టడం వెనుక కూడా పొడి గాలి, చల్లటి వాతావరణం అనే ఆలోచనే ఉంది. క్షయకు మందులు లేని రోజులవి. ఇప్పుడు మనకు మందులున్నాయి, అయినా మే నెల ఎండకు మాత్రం మందు లేదు.

ఎత్తు సంగతి

కూనూరు సుమారు 1,850 మీటర్ల ఎత్తున ఉంటుంది, కొడైకెనాల్ సుమారు 2,100 మీటర్ల ఎత్తున. కూనూరులో వేసవి పగళ్ళు ఇరవై నాలుగు, ఇరవై అయిదు డిగ్రీల దగ్గర ఉంటే కొడైలో ఇరవై, ఇరవై రెండు ఉంటాయి. కొడైలో ఏప్రిల్ రాత్రి కూడా స్వెట్టరు, రగ్గు తప్పవు. కూనూరులో పలచటి దుప్పటితో గడిచే రాత్రులు చాలా ఉంటాయి. ఎండలు పెరిగిన మాట కొండల మీద కూడా నిజమే. 2024 ఏప్రిల్ చివర ఊటీలో 29 డిగ్రీలు నమోదైంది, అంతకుముందెన్నడూ అక్కడ అంత లేదు.

"ఎత్తుకు వెళ్తే గాలి చాలదు, గుండె ఆగిపోతుంది" అని మాస్టారిని ఎవరో భయపెట్టారు. అంత భయం అక్కర్లేదు. ఈ ఎత్తుల్లో గాలి పీడనం సముద్రమట్టం దగ్గర ఉన్నదానిలో సుమారు అయిదింట నాలుగు వంతులు ఉంటుంది. ఆరోగ్యవంతుడి రక్తంలో ఆక్సిజన్ రెండు మూడు పాయింట్లు తగ్గుతుంది, అంతే. లడఖ్ వంటి చోట్ల వచ్చే పర్వత వ్యాధి 2,500 మీటర్ల లోపు అరుదు. కానీ మూడు గంటల్లో బస్సు మనల్ని మైదానం నుంచి కొండ మీదకు చేర్చేస్తుంది, శరీరానికి అలవాటు పడే సమయం ఉండదు. మొదటి మూడు నాలుగు రోజులు గుండె కొంచెం వేగంగా కొట్టుకుంటుంది, బి.పి. కొంచెం పెరుగుతుంది, రాత్రి సరిగా నిద్ర పట్టదు. గుండె రక్తనాళాల్లో అడ్డు ఉన్నవారికి కింద అర కిలోమీటరు నడిస్తే వచ్చే నొప్పి అక్కడ పావు కిలోమీటరుకే రావచ్చు. అందుకని మొదటి నాలుగు రోజులు ఇంట్లోనే ఉండండి, మెల్లగా తిరగండి, ఎక్కుడు దారి పట్టవద్దు.

ఈమధ్యనే గుండెపోటు వచ్చినవారు, రెండు అడుగులకే ఆయాసపడేవారు, ఇంట్లో ఆక్సిజన్ వాడుతున్నవారు, రక్తం బాగా తక్కువగా ఉన్నవారు ఈ రెండు ఊళ్ళకూ వెళ్ళవద్దని నేను స్పష్టంగా చెబుతాను. ఇంట్లో ఒక గది చల్లగా పెట్టించుకోవడమే వారికి మంచిది. మిగిలినవారిలో చాలామంది ముందుగా ఒకసారి ఇ.సి.జి., ఎకో, రక్త పరీక్షలు చేయించుకొని వెళ్ళవచ్చు. రెండు ఊళ్ళ ఎత్తుల మధ్య తేడా రెండు వందల యాభై మీటర్లే కాబట్టి ఎత్తును బట్టి ఊరు ఎంచుకోవాల్సిన పని లేదు. ఎంచుకోవాల్సింది రోడ్డును బట్టి.

కొడైలో మూడో రాత్రి

మాస్టారు దంపతులు ముందు కొడైకెనాలే వెళ్ళారు. మద్రాసులో రాత్రి పాండ్యన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి తెల్లవారుజామున కొడై రోడ్డు స్టేషన్లో దిగారు. అక్కడి నుంచి ఎనభై కిలోమీటర్ల ఘాట్ రోడ్డు, సుమారు మూడు గంటలు పట్టింది. అమ్మగారికి దారిలో వాంతులయ్యాయి. (ఘాట్ ఎక్కే ముందు కడుపునిండా ఇడ్లీ సాంబారు తినవద్దని చెప్పడం నేను మరిచిపోయాను.) సరస్సుకు దగ్గరలోనే చిన్న ఇల్లు దొరికింది.

మాస్టారికి ఆ ఊరు నచ్చింది, నచ్చడానికి కారణమూ ఉంది. సరస్సు చుట్టూ సుమారు అయిదు కిలోమీటర్ల రోడ్డు దాదాపు చదునుగా ఉంటుంది. కొండల ఊరిలో చదునైన నడక దొరకడం పెద్ద సంగతి. కోకర్స్ వాక్ కూడా అటువంటిదే, ఒక కిలోమీటరు లోపు, పక్కన కూర్చోవడానికి బెంచీలుంటాయి. మోకాళ్ళ నొప్పులున్న అమ్మగారు రోజూ ఉదయం అరగంట నడిచారు. షుగరు కూడా తగ్గింది. రెండో వారంలో ఒక మధ్యాహ్నం అయితే మరీ తగ్గి చెమటలు పట్టి కళ్ళు తిరిగాయి. చలికి ఆకలి వేస్తుంది, నడక పెరుగుతుంది, మాత్రలు మాత్రం కిందటి లెక్కనే వేసుకుంటారు. ఇది గుర్తుంచుకోండి. నడకకు వెళ్ళేటప్పుడు జేబులో నాలుగు గ్లూకోజు బిళ్ళలో, చక్కెర పొట్లమో ఉండాలి.

ఇక మూడో రాత్రి సంగతి. రెండు గంటల వేళ మాస్టారికి ఛాతీలో బరువుగా అనిపించి మెలకువ వచ్చింది. ముందురోజు ఉత్సాహం కొద్దీ బజారు ఎత్తు రెండుసార్లు ఎక్కి దిగారట. నేను చెప్పిన నాలుగు రోజుల మాట గాలికి పోయింది. నాలుక కింద మాత్ర పెట్టుకున్నారు, పది నిమిషాలకు తగ్గింది. ఇంటివాళ్ళ సాయంతో దగ్గరి ఆస్పత్రికి వెళ్ళారు. ఇ.సి.జి. తీశారు, మార్పులేమీ లేవు. డ్యూటీ డాక్టరు గారు శ్రద్ధగా చూసి, "ఇప్పటికి పరవాలేదు, కానీ రక్త పరీక్ష మళ్ళీ చేయాలి. ఏదైనా తేడా వస్తే మదురై పంపుతాం" అన్నారు. మదురై అక్కడికి సుమారు నూట ఇరవై కిలోమీటర్లు. బయట మంచు, పది అడుగుల దూరంలో ఏమీ కనబడటం లేదు. ఆ మంచులో ఘాట్ దిగాలంటే ఎంతసేపు పడుతుందో ఎవరూ చెప్పలేకపోయారు.

దేవుని దయవల్ల దిగవలసిన అవసరం రాలేదు. రెండో పరీక్ష కూడా బాగానే వచ్చింది. కానీ అమ్మగారు నాతో అన్న మాట ఇది: "ఆయన నిద్రపోయారు డాక్టరమ్మా. నేను కిటికీ దగ్గర కూర్చుని తెల్లవారుతుందా లేదా అని చూస్తూ ఉన్నాను. అక్కడి చలి కాదు, ఆ దూరం నాకు వణుకు పుట్టించింది."

గుండెపోటులో సమయం ఎందుకంత ముఖ్యమో మా పాఠకులకు ఇదివరకే చెప్పి ఉన్నాం. రక్తనాళం మూసుకుపోయిన తరువాత గంట గడిచేకొద్దీ గుండె కండరం చచ్చిపోతుంది. స్టెంటు వేసే ఆస్పత్రికి రెండు గంటల్లో చేరలేమనుకుంటే, దగ్గరి ఆస్పత్రిలోనే గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇచ్చి తరువాత పంపించాలి. కాబట్టి ఏ కొండ ఊరు వెళ్ళినా మొదటి రోజే దగ్గరి ఆస్పత్రికి వెళ్ళి మూడు సంగతులు అడగండి. రాత్రిపూట డాక్టరు ఉంటారా? ఇ.సి.జి. ఎప్పుడైనా తీస్తారా? గడ్డ కరిగించే ఇంజెక్షన్ స్టాకు ఉందా? ఇలా అడగడం అమర్యాద అనుకోవద్దు. మమ్మల్ని ఎవరైనా అడిగితే మేము సంతోషిస్తాం. తమిళనాడులో కూడా అంబులెన్సుకు 108 నంబరే.

కూనూరు లెక్క వేరు

మిగిలిన మూడు వారాలు కూనూరులో. కోయంబత్తూరు నుంచి కూనూరుకు సుమారు డెబ్బై కిలోమీటర్లు, రెండు రెండున్నర గంటల ప్రయాణం. కోయంబత్తూరులో గుండె ఆస్పత్రులకు కొదవ లేదు. కూనూరులోనే ప్రభుత్వ లాలీ ఆస్పత్రి ఉంది, పద్దెనిమిది కిలోమీటర్ల దూరంలో ఊటీలో ప్రభుత్వ వైద్య కళాశాల ఉంది. ఘాట్ ఇక్కడా ఉంది, వాన పడితే ఇక్కడా కొండచరియలు జారతాయి. అయినా అత్యవసరంలో కిందకు దిగే దూరం దాదాపు సగం. స్టెంటు ఉన్న మనిషికి ఈ ఒక్క లెక్కే చాలు, కూనూరు వైపు మొగ్గడానికి.

అయితే మోకాళ్ళకు మాత్రం కూనూరు శత్రువు. ఆ ఊరంతా ఒక వాలు మీద కట్టినట్టుంటుంది. రైల్వే స్టేషను, బస్టాండు, కూరగాయల మార్కెట్టు కింద, బెడ్‌ఫర్డ్ వైపు ఇళ్ళు పైన. సిమ్స్ పార్కు చూడముచ్చటగా ఉంటుంది, కానీ అదీ లోయలోకి దిగే తోటే. చూసి ఆనందించి పైకి ఎక్కేసరికి అమ్మగారికి కన్నీళ్ళు వచ్చాయి. పైగా తీసుకున్న ఇంటికి రోడ్డు మీద నుంచి నలభై రెండు మెట్లు దిగాలి. ఇల్లు చూపించిన ఏజెంటు ఫోటోలో తేయాకు తోట పడింది గానీ మెట్లు పడలేదు. మూడు వారాల్లో అమ్మగారు ఆ మెట్లు ఎక్కింది ఆరేడుసార్లే. కొడైలో తగ్గిన షుగరు ఇక్కడ మళ్ళీ పెరిగింది. చల్లటి ఇంట్లో కూర్చుని వేడివేడి బజ్జీలు తింటే ఇంకేమవుతుంది?

కాబట్టి ఇల్లు తీసుకునే ముందు మెట్లు లెక్కపెట్టించండి. మంచినీళ్ళు ఎన్ని రోజులకోసారి వస్తాయో కనుక్కోండి, వేసవిలో రెండు ఊళ్ళలోనూ నీటికి కటకటే. బాత్‌రూములో పట్టుకోవడానికి కడ్డీ, వేడినీళ్ళకు గీజరు, మంచం ఎత్తు చూడండి. సాయంత్రం ఆరు దాటాక ఒంటరిగా నడవవద్దు. రెండు చోట్లా అడవి దున్నలు ఊళ్ళోకి వచ్చేస్తాయి. మన గేదెలాగే ఉందనుకొని దగ్గరకు వెళ్ళినవారు దెబ్బలు తిన్నారు. కూనూరు చుట్టుపక్కల ఎలుగుబంట్లు కూడా తిరుగుతాయి.

కుంపటి విషయం గట్టిగా చెప్పాలి. చలికి బొగ్గుల కుంపటి గదిలో పెట్టుకొని తలుపులు మూసుకొని పడుకోవద్దు. బొగ్గు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడు వాయువుకు వాసన ఉండదు, దగ్గు రాదు. నిద్రలోనే ప్రాణం పోతుంది. కొండ ఊళ్ళకు వచ్చిన యాత్రికులు ఇలా చనిపోవడం ప్రతి కొన్నేళ్ళకూ పత్రికల్లో చూస్తూనే ఉన్నాం. చలి వేస్తే ఇంకో రగ్గు కప్పుకోండి, కాళ్ళకు మేజోళ్ళు వేసుకోండి, వేడినీళ్ళ సంచి పెట్టుకోండి.

వంటింటిలో ఒక తమాషా ఉంది. ఎత్తు పెరిగేకొద్దీ నీళ్ళు తక్కువ వేడికే మరుగుతాయి. కొడైలో సుమారు 93 డిగ్రీలకే పొంగు వస్తుంది. మామూలు గిన్నెలో కందిపప్పు ఎంతసేపటికీ ఉడకదు, కుక్కరు తప్పనిసరి. తాగే నీళ్ళు కూనూరులో బాగా తెర్లిన తరువాత ఒక నిమిషం ఉంచితే చాలు. రెండు వేల మీటర్లు దాటిన కొడైలో మూడు నిమిషాలు మరగనివ్వాలి. దాహం వేయదు కాబట్టి నీళ్ళు తాగడం మరిచిపోతారు. దానివల్ల మలబద్ధకం, మూత్రంలో మంట ఎక్కువవుతాయి.

ఇన్సులిన్ వాడేవారికి కొండమీద ఒక సుఖం ఉంది, ఫ్రిజ్ లేకపోయినా వాడుకలో ఉన్న సీసా గదిలోనే బాగుంటుంది. గ్లూకోమీటరు మాత్రం మరీ చల్లబడితే తప్పు చూపిస్తుంది. ఉదయం పరీక్షకు ముందు కాసేపు చేతిలోనో దుప్పటిలోనో పెట్టుకోండి. మందులు రెండు నెలలకూ సరిపడా ఇక్కడి నుంచే తీసుకువెళ్ళడం మంచిది. చీటీలో కంపెనీ పేరుతో పాటు మందు అసలు పేరు కూడా ఇంగ్లీషులో రాయించుకోండి, అక్కడి మందుల షాపువారికి మన తెలుగు రాదు. ఆరోగ్యశ్రీ కార్డు ఉంది కదా అని ధీమాగా వెళ్ళవద్దు. అది అక్కడి ఏ ఆస్పత్రిలోనైనా పనిచేస్తుందా అని ముందే కనుక్కోండి.

దిగి రావడం కూడా ప్రయాణమే

ఎక్కడం గురించి అందరూ అడుగుతారు, దిగడం గురించి ఎవరూ అడగరు. మాస్టారు అక్కడే పొరపాటు పడ్డారు, ఆ పొరపాటులో నాకూ భాగం ఉంది. కూనూరులో చలికి బి.పి. కొంచెం పెరిగితే అక్కడి డాక్టరు గారు ఒక మాత్ర పెంచారు. అది సరైన పనే. మే నెల ఆఖరున రోహిణి కార్తెలో దిగారు. రోళ్ళు పగిలే ఎండ అంటారే, ఆ ఎండలోకి. పెంచిన మాత్ర అలాగే వేసుకుంటున్నారు. మూడో రోజు ఉదయం స్నానాల గదిలో పడిపోయారు. బి.పి. చూస్తే పైది తొంభై. తుంటి విరగలేదు, నుదుటి మీద నాలుగు కుట్లతో సరిపోయింది.

చల్లటి చోట ఆరు వారాలు ఉంటే శరీరం ఎండకు తట్టుకునే అలవాటు మరిచిపోతుంది. చెమట పట్టే తీరు, రక్తనాళాలు విప్పారే తీరు మారతాయి. మళ్ళీ అలవాటు కావడానికి పది రోజుల నుంచి రెండు వారాలు పడుతుంది. చలిలో కుదిరిన మాత్ర ఎండలో ఎక్కువవుతుంది, ముఖ్యంగా మూత్రం ఎక్కువ పోయేలా చేసే బిళ్ళలు. అందుచేత మృగశిర కార్తె ప్రవేశించి తొలకరి పడిన తరువాతే దిగండి. దిగిన వారంలోపు బి.పి. చూపించుకోండి. మొదటి పది రోజులు మధ్యాహ్నం బయటకు రాకండి. ఏప్రిల్ మొదట ఎక్కి జూన్ రెండో వారంలో దిగడం ఈ రెండు ఊళ్ళకూ సరైన లెక్క. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాల కాలంలో మాత్రం వద్దు. 2009 నవంబరులో నీలగిరుల్లో కొండచరియలు విరిగిపడి నలభై మందికి పైగా చనిపోయారు.

2024లో వారు కూనూరుకే వెళ్ళారు. ఈసారి గుంటూరులో శబరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి సరాసరి కోయంబత్తూరులో దిగారు. మద్రాసులో సామాన్లతో స్టేషను మారే బాధ తప్పింది. మెట్టుపాళయం నుంచి చిన్న రైలు ఎక్కాలని మాస్టారికి సరదా గానీ, మూడు గంటలకు పైగా చెక్క బెంచీ మీద కూర్చోవడం తన మోకాళ్ళకు కుదరదని అమ్మగారు ఒప్పుకోలేదు. ఆ మే 7 నుంచి హైకోర్టు ఆదేశం మీద నీలగిరులకు, కొడైకెనాల్‌కు వచ్చే బయటి వాహనాలకు ఈ-పాస్ పెట్టారు. చూడటానికి కారులో వచ్చిన కొడుకు దారిలో ఆగి పాస్ తీసుకోవలసి వచ్చింది. బస్సులో వెళ్ళేవారికి ఆ బెడద లేదు. మీరు కారులో వెళ్ళేటట్టయితే బయల్దేరే ముందు ఆ నియమాలు ఒకసారి చూసుకోండి.

మరి కొడైకెనాల్ ఎవరికి? గుండె గట్టిగా ఉండి, మోకాళ్ళు మాత్రం బలహీనంగా ఉన్నవారికి ఆ సరస్సు రోడ్డును మించినది నాకు తెలియదు. ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవారికి ఆ మంచు, తేమ పడకపోవచ్చు, ఒక వారం ఉండి చూసుకోవాలి. మాస్టారు ఇప్పటికీ ఆ ఊరి మీద ఆశ వదులుకోలేదు. అమ్మగారు వినిపించుకోవడం లేదు.

ఈ మార్చిలో ఇద్దరూ మళ్ళీ వచ్చారు. ఇ.సి.జి. తీశాం, అమ్మగారి మూడు నెలల షుగరు చూశాం. కొండమీద వేసుకునే మాత్రలకు ఒకటి, దిగాక వేసుకునే మాత్రలకు ఒకటి, విడివిడిగా రెండు చీటీలు రాసి ఇచ్చాను. వెళ్ళబోతూ అమ్మగారు సెల్‌ఫోను తీసి ఈ ఏడాది మాట్లాడుకున్న ఇంటి ఫోటో చూపించారు. ఏజెంటు తీసింది కాదట, అక్కడ ఉన్న తెలిసినవాళ్ళను పంపి తీయించారట. తేయాకు తోట లేదు, ఎదురుగా పెట్రోలు బంకు ఉంది. "మెట్లు లెక్కపెట్టండి డాక్టరమ్మా" అన్నారు. లెక్కపెట్టాను. నాలుగు.